పలమనేరులో కూర్చుని చదివిన బ్రిటన్ పీజీ: సుస్థిర పశుపోషణ కోర్సుపై ఒక సమీక్ష

చిత్తూరు జిల్లా పలమనేరు ప్రాంతంలో పదకొండేళ్లుగా పశువైద్యం చేస్తున్నాను. గడిచిన మూడేళ్లలో, పని మానుకోకుండానే, బ్రిటన్‌లోని ఒక విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో నడిపే సుస్థిర పశుపోషణ ఎమ్మెస్సీ పూర్తి చేశాను. చేరేముందు ఈ చదువు గురించి తెలుగులో ఎంత వెతికినా ఒక్క మంచి పరిచయం కూడా నాకు దొరకలేదు. నా తర్వాత చేరాలనుకునే వాళ్లకు ఆ ఇబ్బంది ఉండకూడదని ఇది రాస్తున్నాను. విశ్వవిద్యాలయం పేరు చెప్పడం లేదు. చేరేముందు నేను పరిశీలించిన మరో రెండు దేశాల కోర్సుల పాఠ్యప్రణాళిక కూడా దాదాపు ఇలాగే ఉంది కనుక, ఇక్కడ రాసే మంచిచెడ్డలు ఈ తరహా చదువు మొత్తానికి వర్తిస్తాయని నా నమ్మకం.

మొదట ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, 2005లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, అక్కడ ఎంవీఎస్సీ (పశువైద్యంలో పీజీ) చదవకుండా ఇంత దూరం ఎందుకు పోవాలని తోటి వైద్యులే నన్ను అడిగారు. నేను బీవీఎస్సీ చదివింది తిరుపతిలోనే. ఆవు పొట్టలో చెయ్యి పెట్టి దూడను తిప్పడం నేర్పిన ఆ ఊరికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. అయితే ఎంవీఎస్సీ రెండేళ్లూ అక్కడే ఉండి, ప్రయోగశాలలోనూ పశుశాలలోనూ పూర్తికాలం గడపవలసిన చదువు. వైద్యం మీదే ఆధారపడిన ఇల్లూ, నా కోసం ఎదురుచూసే నాలుగు మండలాల పశువులూ ఉన్న నాకు అది వీలు పడలేదు. అప్పుడే పట్టా పుచ్చుకున్న యువతీ యువకులు మాత్రం పశుపోషకాహారం విభాగంలోనో, పశు ఉత్పత్తి నిర్వహణ విభాగంలోనో ఎంవీఎస్సీయే ముందు చేయాలి. చేత్తో చేసి నేర్చుకోవలసిన పనికి తెర మీద చూసే పాఠం ప్రత్యామ్నాయం కాదు.

తరగతులు నడిచే తీరు నాలాంటి వాళ్లకు బాగానే కుదిరింది. పాఠాలన్నీ రికార్డు చేసి పెడతారు. వారానికి ఒక సెమినారు మాత్రం ప్రత్యక్షంగా జరుగుతుంది. అక్కడ సాయంత్రం నాలుగు గంటలైతే ఇక్కడ వేసవిలో రాత్రి ఎనిమిదిన్నర, వాళ్ల గడియారం మారిన తర్వాత చలికాలంలో తొమ్మిదిన్నర అవుతుంది. అప్పటికి సాయంత్రపు పాలు కేంద్రానికి చేరి, ఊళ్లు సద్దుమణిగి ఉంటాయి. మూడేళ్లలో నేను తప్పిపోయిన సెమినార్లు ఆరో ఏడో ఉంటాయి, అవన్నీ ఈనలేక కష్టపడుతున్న ఆవుల దగ్గర ఉండిపోయిన రాత్రులే. రాలేకపోయానని ఉత్తరం రాస్తే ఏ అధ్యాపకుడూ ఒక్క మార్కు కూడా తగ్గించలేదు. కెన్యా నుంచి, ఐర్లండ్ నుంచి, నేపాల్ నుంచి చేరిన సహాధ్యాయులు నాకు అధ్యాపకులతో సమానంగా నేర్పారు. ముఖ్యంగా కెన్యాలో రెండు మూడు ఆవులున్న రైతుల మధ్య పనిచేసే ఒకరు చెప్పిన ప్రతి సమస్యా మా పాల కేంద్రం దగ్గర విన్నట్టే ఉండేది.

ఇక చదువులోని సారానికి వస్తాను. ఈ కోర్సుకు గుండెకాయ మొదటి ఏడాదిలో వచ్చే ఉద్గారాల లెక్క, అంటే పశుపోషణ వల్ల గాలిలోకి వెలువడే వాయువుల లెక్క. నెమరువేసే పశువు తిన్న మేత పెద్దపొట్టలో పులిసేటప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని భూమిని వేడెక్కించే మీథేన్ వాయువుగా మారుస్తాయి, పశువు దాన్ని తేపుల ద్వారా బయటికి వదులుతుంది. తిన్న మేతలోని మొత్తం శక్తిలో 2 నుంచి 12 శాతం దాకా ఇలా గాలిలో కలిసిపోతుంది. ఇది బీవీఎస్సీలోనే చదువుకున్న విషయం. నాకు కొత్తగా తెలిసింది దాన్ని లెక్కగట్టే పద్ధతి, ఆ లెక్కలో దాగిన నిర్ణయాలు.

వాతావరణ మార్పుపై పనిచేసే అంతర్జాతీయ సంఘం ఐపీసీసీ 2006 మార్గదర్శకాల్లో, ప్రాంతాలవారీ సగటులు ఇచ్చే మొదటి అంచె పట్టికలో భారత ఉపఖండపు పాడి ఆవు ఒక్కటి ఏడాదికి 58 కిలోల మీథేన్ వదులుతుందని, ఉత్తర అమెరికా పాడి ఆవు 128 కిలోలు వదులుతుందని ఉంటుంది. ఆ పట్టికను చూడగానే మన ఆవు ఎంతో నయమని సంతోషించాను. తర్వాతి వారమే అధ్యాపకురాలు అదే పట్టికలోని పాల దిగుబడిని పక్కన రాయమన్నారు. అక్కడి ఆవుకు ఏడాదికి 8,400 కిలోలు, మన ఆవుకు 900 కిలోలు. భాగిస్తే కిలో పాలకు అక్కడ 15 గ్రాముల మీథేన్, ఇక్కడ 64 గ్రాములు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నేను రోజూ వైద్యం చేసే పశువులే లోకానికి బరువని ఆ పట్టిక చెబుతున్నట్టు అనిపించింది.

ఈ చదువుకు నేను పెట్టిన డబ్బు వృథా కాలేదని చెప్పగలిగేది ఆ తర్వాతి ఆరు వారాల వల్ల. ఏ సంఖ్యను దేనితో భాగిస్తున్నామన్నది ఎంత పెద్ద నిర్ణయమో అప్పుడు నేర్పారు. పాలతో భాగిస్తే ఆవు పాలు మాత్రమే ఇస్తుందని ముందే ఒప్పుకున్నట్టు. పొలానికి చేరే దిబ్బఎరువు, ఎద్దు చేసిన దుక్కి, మనిషి తినలేని వరిగడ్డినీ వేరుశనగ కట్టెనూ ఆహారంగా మార్చిన పని ఆ లెక్కలో ఎక్కడా కనిపించవు. పాడి మానేసిన ఆవును మాంసానికి పంపే దేశంలో ఉద్గారాల భారంలో కొంత మాంసం ఖాతాలోకి పోతుంది. ఆవుల వధను 1977 నాటి చట్టం నిషేధించిన మన రాష్ట్రంలో ఆ భారమంతా పాల మీదే పడుతుంది, ఒట్టిపోయిన ఆవు బతికే ప్రతి రోజూ అందులో చేరుతుంది. ఏ పద్ధతి సరైనదో అధ్యాపకురాలు చెప్పలేదు. ఒకే పాల కేంద్రం లెక్కను నాలుగు పద్ధతుల్లో వేసి, నాలుగు జవాబులూ పక్కపక్కన పెట్టి, ఏది ఎవరికి అనుకూలమో రాయమన్నారు. ఇంత నిజాయితీగల బోధన నేను అరుదుగా చూశాను.

మా సమీప గ్రామంలో నాలుగు సంకరజాతి ఆవులున్న ఒక అక్కకు ఈ సంగతి చెప్పబోయాను. ఆమె పాలచెంబు కింద పెట్టి, "ఆవు తేపు తగ్గితే నాకేమొస్తుంది డాక్టరమ్మా, పాలేమన్నా పెరుగుతాయా?" అని అడిగింది. తగ్గిన మీథేన్‌లోని శక్తి అంతా పాలుగా మారదని పరిశోధనలు చెబుతున్నాయి కనుక పెరుగుతాయని ఆమెకు మాట ఇవ్వలేకపోయాను. కానీ ఆ ప్రశ్నే నన్ను కోర్సులో నాకు అన్నిటికంటే ఉపయోగపడిన పాఠం దగ్గరికి తీసుకువెళ్లింది. మన పరిస్థితుల్లో కిలో పాలకు పడే మీథేన్‌ను తగ్గించడానికి మందులకంటే ముందు చూడవలసింది ఈతకూ ఈతకూ మధ్య ఎడం. ఆవు 300 రోజులు పాలిస్తుందనుకుంటే, పదమూడు నెలలకు మళ్లీ ఈనే ఆవు వట్టిగా తినే రోజులు వంద లోపే ఉంటాయి. పద్దెనిమిది నెలలకు ఈనే ఆవుకు అవి రెండువందల నలభై దాటుతాయి. ఆ రోజుల మేత ఖర్చు రైతుది, ఆ రోజుల తేపులు లోకానివి. ఎదను గుర్తించడం, ఖనిజ లవణ మిశ్రమం వేయడం, సమయానికి గర్భధారణ సూది వేయించడం నా రోజువారీ పనులే. వాటి విలువను ఇంత స్పష్టంగా నాకు చూపించింది ఈ కోర్సే. ఆ అక్కతో ఇప్పుడు మీథేన్ మాట ఎత్తను, వట్టి రోజుల మేత ఖర్చు లెక్క చెబుతాను.

పశు ప్రజననం పాఠంలో ఒక స్థానిక జాతిపై వ్యాసం రాయమంటే నేను పుంగనూరు ఆవును తీసుకున్నాను. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లకు మించని ఈ జాతిని పలమనేరులోని పశు పరిశోధనా కేంద్రం ఎన్నో ఏళ్లుగా కాపాడుతోంది. చిన్న ఆవు తక్కువ తింటుంది కనుక అదే సుస్థిరమని ఇటీవల చాలామంది అంటున్నారు, నేనూ అదే నమ్మి రాయడం మొదలుపెట్టాను. అధ్యాపకుడు క్లైబర్ సూత్రంతో లెక్క వేయమన్నారు. శరీర పోషణకు కావలసిన శక్తి బరువుకు నేరుగా కాకుండా, బరువును 0.75 ఘాతానికి హెచ్చించిన విలువకు అనుపాతంగా ఉంటుంది. ఆ ప్రకారం 150 కిలోల ఆవు బరువు 400 కిలోల ఆవు బరువులో మూడింట ఒక వంతు కంటే కొంచెమే ఎక్కువైనా, పోషణకు దానికి కావలసిన శక్తి దాదాపు సగం. అంటే కిలో బరువుకు చూస్తే చిన్న ఆవే ఎక్కువ తింటుంది. పుంగనూరు ఆవు గొప్పతనం ఈ లెక్కలో ఉండదు. మా కరవు నేలకు, ఎండకు తట్టుకుని తరతరాలుగా నిలిచిన జన్యువుల్లో ఉంటుంది, ఒక్క ఆవునే పోషించగల పేద ఇంట్లో అది ఇమిడిపోవడంలో ఉంటుంది. ప్రేమించే దాని గురించి కూడా తప్పు కారణం చెప్పకూడదని నేర్చుకున్నాను. ఆ వ్యాసానికి నాకు వచ్చిన మార్కులు తక్కువే. అయినా మూడేళ్లలో నేను దాచుకున్న ఒకే ఒక్క దిద్దిన వ్యాసం అది.

కోర్సులో బలహీనమైన భాగం మేతలో కలిపే మందుల పాఠం. మీథేన్‌ను తగ్గించే 3-ఎన్ఓపీ అనే పదార్థానికి ఐరోపా సమాఖ్య 2022లో అనుమతి ఇచ్చింది. పాడి ఆవుల్లో అది సుమారు 30 శాతం దాకా మీథేన్ తగ్గిస్తుందన్నది నిజమే. కానీ పొట్టలో అది త్వరగా కరిగిపోతుంది కనుక రోజంతా తినే మొత్తం మేతలో కలిసి ఉంటేనే పూర్తిగా పనిచేస్తుంది. ఉదయం ఒక పూట, సాయంత్రం ఒక పూట పాలు పితికేటప్పుడు మాత్రమే దాణా పెట్టి, మధ్యలో వరిగడ్డి వేసే మా రైతు దాన్ని ఎలా వాడాలన్న ప్రశ్నకు నాలుగు వారాల పాఠంలో ఎక్కడా జవాబు లేదు. నేను సెమినారులో అడిగితే మంచి ప్రశ్న అన్నారు, అంతకు మించి చర్చ సాగలేదు. బెంగళూరులోని జాతీయ పశు పోషకాహార, శరీరధర్మశాస్త్ర సంస్థ టానిన్లు అనే వగరు పదార్థాలు ఎక్కువగా ఉండే మొక్కల నుంచి తయారుచేసిన, మేతలో కలిపే హరిత్ ధారా గురించి పాఠ్యసామగ్రిలో ఒక్క వాక్యం కూడా లేదు. అది 17 నుంచి 20 శాతం మీథేన్ తగ్గిస్తుందని ఆ సంస్థ చెబుతుంది. మా ఊరి నుంచి కొన్ని గంటల బస్సు ప్రయాణం దూరంలో జరుగుతున్న పనిని లండన్ సమయంలో చదివే నేనే తరగతికి పరిచయం చేయవలసి వచ్చింది.

జంతు సంక్షేమం పాఠం పద్ధతిగా ఉంది, అయితే దాని గురించి ప్రత్యేకంగా చెప్పుకోవలసినది లేదు. సూక్ష్మజీవులు యాంటీబయాటిక్ మందులకు లొంగకుండా పోవడం గురించిన పాఠం మాత్రం చిన్నదైనా చాలా గట్టిది. పశువుల పెరుగుదల కోసం యాంటీబయాటిక్‌లు వాడడాన్ని ఐరోపాలో 2006 జనవరి నుంచి ఆపేశారు. ఆ తర్వాత అక్కడి రైతులు ఏ కష్టాలు పడి, వాటిని ఎలా దాటారో వివరంగా చెప్పారు. పొదుగువాపుకు కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి నూరి పూయించే పద్ధతిని మన జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తోందని నేను చెప్పినప్పుడు, దాన్ని ఎలా పరీక్షించాలో ప్రయోగ ప్రణాళిక గీసి చూపించమని అడిగారు. కొట్టిపారేయకుండా, గుడ్డిగా మెచ్చుకోకుండా, పరీక్షించమన్న ఆ వైఖరి నాకు నచ్చింది.

చివరి ఏడాది పరిశోధన వ్యాసానికి మామిడి తొక్క సైలేజీ, అంటే గాలి తగలకుండా పులియబెట్టి నిలవ చేసే మేత, ఎంచుకున్నాను. చిత్తూరు జిల్లాలో తోతాపురి కాపు వచ్చే రెండు మూడు నెలలూ గుజ్జు ఫ్యాక్టరీల వెనక తొక్క, టెంక గుట్టలుగా పడి కుళ్లుతుంది. తాజా తొక్కను పశువులు ఇష్టంగా తింటాయి. కానీ చక్కెర ఎక్కువ కనుక ఒకేసారి ఎక్కువగా తింటే పొట్టలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది, అలాంటి పశువులకు నేను ప్రతి జూన్‌లోనూ వైద్యం చేస్తూనే ఉన్నాను. ఆ చక్కెరే సైలేజీకి అనుకూలం, ఎందుకంటే లాక్టిక్ ఆమ్లం తయారుచేసే సూక్ష్మజీవులు దాన్ని తిని మేతను నిలవ ఉంచుతాయి. అడ్డు తొక్కలోని నీరు. అందుకని ముక్కలు చేసిన వరిగడ్డి కొన్ని డ్రమ్ములలో, వేరుశనగ కట్టె మరికొన్నిటిలో కలిపి, గాలి లేకుండా తొక్కి, మూత బిగించి నలభై అయిదు రోజులు ఉంచాను. వేరుశనగ కట్టె కలిపిన డ్రమ్ము తెరిచినప్పుడు వచ్చిన పుల్లటి, తియ్యటి వాసన ఇప్పటికీ గుర్తుంది. ఒక డ్రమ్ములో మూత పక్క నుంచి గాలి చేరి పైనున్న జానెడు మందం బూజు పట్టింది. దాన్ని పశువులకు పెట్టకుండా పారవేసి, ఆ విషయం వ్యాసంలో రాశాను.

పర్యవేక్షకుడు ఐదు వేల మైళ్ల దూరాన ఉండి కూడా ప్రతి డ్రమ్ము ఫొటో అడిగి చూశారు. ఇబ్బంది పెట్టింది నమూనాల పరీక్షే. నేను డబ్బు కట్టి పంపిన ఒక ప్రయివేటు ప్రయోగశాల రెండు నెలలు ఆలస్యం చేసి, చివరికి మూడు నమూనాలు దొరకడం లేదని చెప్పింది. కోర్సు వాళ్లు గడువు పొడిగించారు. కానీ విద్యార్థి ఉన్న దేశంలో నమ్మదగిన ప్రయోగశాలతో ముందే ఒప్పందం చేసిపెట్టి ఉంటే ఆ ఋతువు నాకు పోయేది కాదు. ఏడాదికి ఒక్కసారే వచ్చే పండుతో పరిశోధన చేసే వాళ్లకు రెండు నెలల ఆలస్యమంటే ఒక ఏడాది ఆలస్యమే.

ఫీజు మూడు విడతల్లో నాకు సుమారు పదకొండు లక్షల రూపాయలైంది. ఇది చిన్న మొత్తం కాదు, ఒక మంచి పాడి మంద కొనవచ్చు. ఈ పట్టాతో జీతం పెరుగుతుందని ఆశించి ఎవరూ చేరవద్దు. బోధన ఉద్యోగాల కోసం చదివేవాళ్లు, విదేశీ ఆన్‌లైన్ పట్టాకు ఇక్కడ తత్సమాన గుర్తింపు దొరుకుతుందో లేదో చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఐదారేళ్లు పల్లెల్లో పనిచేసి, చూసినదానికి లెక్కలు వెతుక్కుంటున్న పశువైద్యులకు, పాల సంఘాల్లో మేత సలహాలు చెప్పేవాళ్లకు మాత్రం మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. చేరేముందు మూడు విషయాలు అడగండి: పరిశోధన మీ ఊళ్లోనే చేయనిస్తారా, గ్రంథాలయంలోని పత్రికలు కోర్సు అయ్యాక ఎంతకాలం చదువుకోనిస్తారు, పరీక్ష గదిలోనా ఇంటి నుంచా. రెండో ప్రశ్న అడగకుండా చేరినందుకు, పట్టా చేతికి వచ్చిన కొన్ని వారాలకే పత్రికలన్నీ నాకు మూసుకుపోయాయి.

పరిశోధన వ్యాసంలో మామిడి తొక్కకు ఉద్గారాల భారం సున్నాగా వేశాను. ఫ్యాక్టరీ పారవేసే వ్యర్థానికి తోటలో వేసిన ఎరువుల భారం పంచకూడదన్నది నేను లెక్కకు వాడిన పద్ధతి నియమం. ధర పలికిన రోజున అది వ్యర్థం కాకుండా సరుకవుతుంది, తోట భారంలో దాని వాటా దానికి వస్తుంది. నా డ్రమ్ములు చూసి పక్క ఊళ్ల రైతులు కొందరు తొక్క కోసం పోవడం మొదలుపెట్టారు. నిరుడు ఉచితంగా ఎత్తుకుపొమ్మన్న ఫ్యాక్టరీ ఈ కాపుకు ట్రాక్టరు లోడుకు ఇంత అని ధర పెట్టింది. ఆ సంగతి పర్యవేక్షకుడికి రాశాను. లోడుకు ఎంత, లోడులో ఎన్ని కిలోలు, గుజ్జు ధర ఎంత పలుకుతోంది అని అడుగుతూ మర్నాడే జవాబు వచ్చింది. బరువు తూయించడానికి రేపు వేబ్రిడ్జి దగ్గరికి వెళ్తున్నాను.